పాత బండి మీటర్లు ఇంట్లోనే బాగు చేసుకోవడం: కేబుల్ నుంచి గ్లాసు దాకా ఒక్కో పనీ వరసగా

"అన్నా, ముల్లు పైకి పోయి అక్కడే నిలబడిపోతా ఉంది", "అన్నా, డయల్ అంతా పసుపెక్కింది, కొత్తది వేసేయొచ్చా", "అన్నా, రిమ్ము విప్పబోతే చీలిపోయింది". వారానికి ఇద్దరు ముగ్గురు ఇదే అడుగుతా ఉంటే ఫోన్‌లో చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది, అందుకే అంతా ఒకేచోట రాసేస్తున్నా. పాత బుల్లెట్, యెజ్డీ, రాజ్‌దూత్, ఆర్ఎక్స్ 100, బండి ఏదైనా కానీ, ముల్లు ఉండి వెనక కేబుల్ ఎక్కే మీటర్ అయితే పద్ధతి ఇంచుమించు ఇదే. నేను ఎక్కువగా చేసింది బుల్లెట్ మీటర్లు, కాబట్టి ఉదాహరణలు దానివే వస్తాయి.

ముందే ఒక మాట చెప్పేస్తా. మీటర్ పోయిందని నా దగ్గరికి తెచ్చినవాటిలో చాలావాటికి మీటర్ పోలేదు, కేబులో కింద గేరో పోయింటుంది. మీటర్ తెరవడం ఆఖరి పని, మొదటి పని కాదు. ఒకసారి రిమ్ము (గ్లాసుని చుట్టూ పట్టి ఉంచే రింగు) విప్పితే అది మళ్లీ మొదటి మాదిరి కూర్చోదు, ఎంత బాగా చేసినా చూసేవాడికి తెలిసిపోతుంది.

1. జబ్బు యాడుందో ముందు కనుక్కోండి

బండి మీద ఉండగానే రెండు చూడండి. ముల్లు కదులుతా ఉందా, కిలోమీటర్ల అంకెలు తిరుగుతా ఉన్నాయా. ఈ రెండిటితోనే సగం తెలిసిపోతుంది.

- ముల్లూ లేదు, అంకెలూ లేవు: కేబుల్ తెగింది లేదా కింద గేరు అరిగింది. మీటర్ జోలికి పోవద్దు.
- అంకెలు తిరుగుతున్నాయి, ముల్లు చచ్చింది: జబ్బు మీటర్ లోపలే.
- ముల్లు బాగుంది, అంకెలు ఆగిపోయినాయి: లోపల చిన్న గేరు పళ్లు పోయినాయి లేదా అంకెల చక్రం బిగుసుకుంది.
- ముల్లు 30 కీ 50 కీ మధ్య ఊగులాడతా ఉంది: కేబుల్ ఎండిపోయింది, లేకుంటే యాడో మడత పడింది.
- ముల్లు ఒక్కసారిగా చివరికి కొట్టుకుని అక్కడే ఉండిపోతుంది: లోపలికి గ్రీజు చేరింది లేదా లోపల తిరిగే మాగ్నెట్ దాని పక్కనుండే అల్యూమినియం గిన్నెకి ఒరుసుకుంటా ఉంది.
- బండి ఆపినా ముల్లు సున్నాకి రావడం లేదు: హెయిర్ స్ప్రింగు (ముల్లుని వెనక్కి లాగే వెంట్రుకంత స్ప్రింగు) వంగింది, లేదా దాని మొనల దగ్గర మురికి పేరుకుంది.
- కీచుమని పిట్ట అరిచినట్టు సౌండ్: స్పిండిల్ (కేబుల్ తిప్పే ఇరుసు) ఎండిపోయింది. దీనికి తెరవాల్సిన పనే లేదు, ఎట్లా చేయాలో 7లో చెప్తా.

2. కేబుల్, మీటర్ గేరు

మీటర్ వెనక నట్టు విప్పి కేబుల్ బయటికి తీయండి. ముందు చక్రం పైకి లేపి చేత్తో తిప్పండి, లోపలి తీగ తిరగాల. తిరగకపోతే తీగ తెగిందో గేరు పోయిందో తేలాల, తీగ బయటికి లాగి చూడండి. కొన్ని బళ్లలో గేరు ముందు చక్రం హబ్బు దగ్గర ఉంటుంది, కొన్నిట్లో ఇంజన్ వైపు ఉంటుంది, మీ బండికి కేబుల్ కింద కొన యాడికి పోతుందో దాని వెంబడి పోతే అదే దొరుకుతుంది.

తీగ బయటికి వచ్చినాక పెట్రోల్‌తోనో కిరోసిన్‌తోనో పాత గ్రీజంతా కడిగి, ఒక అద్దం మీద పెట్టి అరచేత్తో దొర్లించండి. తిన్నగా దొర్లితే మంచిది. ఎగిరెగిరి పడితే యాడో మడత ఉంది, ఆ తీగ ఇక పనికిరాదు, ఎంత గ్రీజు పెట్టినా ముల్లు ఊగుతానే ఉంటుంది. కొనలు చదరంగా ఉన్నాయా, మూలలు గుండ్రంగా అరిగినాయా అదీ చూడండి.

ఇప్పుడు చాలామంది చేసే తప్పు. గ్రీజు తీగ మొత్తానికి పులిమేస్తారు. తీగ తిరిగేకొద్దీ గ్రీజు స్క్రూ మాదిరి పైకి పాకి మీటర్ లోపలికి పోతుంది, ఆరు నెలల తర్వాత ముల్లు పైకి పోయి నిలబడిపోతుంది, అప్పుడు మీటర్ పోయిందంటారు. కింద మూడింట రెండు వంతులకి పల్చగా పెట్టండి చాలు, పైన జానెడు పొడిగా వదిలేయండి.

కేబుల్ మళ్లీ వేసేటప్పుడు హ్యాండిల్ పూర్తిగా అటూ ఇటూ తిప్పి చూడండి, యాడా బిగుసుకోకూడదు, గట్టి వంపు ఉండకూడదు. ఇంతటితో బాగైతే ఇక్కడే ఆపేయండి, మిగతాది చదవాల్సిన పనే లేదు.

3. మీరు తెరవకూడని మీటర్లు రెండు ఉన్నాయి

ఒకటి, క్రోనోమెట్రిక్ రకం. బాగా పాత ఇంగ్లీషు బళ్ల స్మిత్స్ కంపెనీ మీటర్లలో వస్తుంది. గుర్తు పట్టడం తేలిక, ముల్లు సాఫీగా జరగదు, గడియారం సెకండ్ల ముల్లు మాదిరి టిక్కు టిక్కుమని మెట్లు మెట్లుగా దూకుతుంది. లోపల అచ్చం గడియారం మిషనే. ఇది తెలిసినోళ్ల చేతికే ఇవ్వండి, నేను కూడా ముట్టుకోను.

రెండోది, నిజం రేడియం పూత ఉన్న డయల్. మన ఊళ్లో నంబర్ ప్లేట్ల మీద అంటించే మెరిసే స్టిక్కర్‌ని కూడా రేడియం అనే అంటాం కదా, అది కాదు నేను చెప్పేది. 1960ల ముందు విదేశీ మీటర్లలో అంకెల మీద, ముల్లు మీద చీకట్లో వెలగాలని అసలు రేడియమే కలిపిన పెయింటు వేసేవాళ్లు. ఇప్పుడు అది వెలగదు, గోధుమ రంగుకో బూడిద పచ్చకో తిరిగి, పెళుసుబారి రాలిపోతా ఉంటుంది. వెలగడం లేదు కదా ఏం కాదులే అనుకోవద్దు, చచ్చింది వెలిగే పదార్థం మాత్రమే, రేడియం అట్లానే ఉంటుంది, దాని శక్తి సగం తగ్గడానికే 1600 ఏళ్లు పడుతుంది. ఆ పొడి ముక్కులోకి పోతే ప్రమాదం. అనుమానం ఉంటే గీకద్దు, రుద్దద్దు, ఊదద్దు, మూసినదాన్ని మూసినట్టే ఉంచండి.

4. సామాన్లు, చోటు, కాలం

- సన్న స్క్రూడ్రైవర్లు, అంచు రోంత మొద్దుగా ఉన్నవి (పదును ఉంటే రిమ్ముని కోసేస్తుంది)
- వాచీ రిపేర్ వాళ్లు వాడే ట్వీజర్, భూతద్దం
- రెండు చిన్న టీ స్పూన్లు, ముల్లు ఎత్తడానికి
- కుట్టు మిషను ఆయిలు, ఒక గుండుసూది
- కాటన్ బడ్స్, మెత్తటి పెయింటింగ్ బ్రష్, గాలి ఊదే రబ్బరు బుడ్డ
- డిస్టిల్డ్ వాటర్, బ్యాటరీ అంగట్లో దొరుకుతుంది
- పేపర్ టేపు, పెన్సిలు, మూతలున్న చిన్న డబ్బాలు
- రివర్స్ తిరిగే డ్రిల్, దానికి చక్రం తిరిగే స్పీడు చూపించే లేజర్ టాకోమీటర్ (అప్పు దొరికితే కొనక్కర్లేదు)

చోటు గురించి చెప్పాల్సింది ఒకటుంది. గ్రైండింగ్ చేసిన బల్ల మీద ఈ పని పెట్టుకోవద్దు. మీటర్ లోపల మాగ్నెట్ ఉంటుంది, బల్ల మీదున్న ఇనప పొడినంతా అదే లాక్కుంటుంది. తెల్ల గుడ్డ పరిచి పని చేయండి, రాలిన చిన్న స్క్రూ కూడా కనిపిస్తుంది. ఫ్యాన్ ఆపేయండి, ఎండాకాలం మన తిరుపతిలో ఫ్యాన్ లేకుండా కూర్చోవడం ఎంత నరకమో నాకూ తెలుసు, అందుకే నేను తెల్లారుజామున చేస్తా.

కాలం కూడా చూసుకోవాల. మనకి గట్టి వానలు అక్టోబర్, నవంబర్‌లో. ఆ తేమ గాలిలో మీటర్ మూసేస్తే ఆ తేమ లోపలే ఉండిపోతుంది, తర్వాత పొద్దున్నే చల్లటి వేళ గ్లాసు లోపల ఆవిరి పట్టుకుంటుంది. జనవరి నుంచి మే దాకా ఎప్పుడైనా చేసుకోండి.

5. బండి మీద నుంచి దించడం

ముందు బ్యాటరీ వైరు తీసేయండి. ఎందుకంటే యాంప్ మీటర్ (కరెంటు ఎంత పోతుందో చూపించే చిన్న మీటర్) దగ్గరికి వచ్చే వైరు నేరుగా బ్యాటరీ నుంచి వస్తుంది, స్పానర్ జారి బాడీకి తగిలిందంటే వైరింగ్ పొగలొస్తుంది. వైర్లు విప్పకముందు ఫోటో, విప్పినాక ఫోటో, ప్రతి వైరుకీ పేపర్ టేపు మీద నంబరు. గుర్తుంటుందిలే అనుకుంటాం, ఉండదు. కిలోమీటర్ల రీడింగు కూడా ఫోటో తీసి పెట్టుకోండి.

6. రిమ్ము, గ్లాసు విప్పడం

రిమ్ములు మూడు రకాలు. మర వేసినవి చేత్తో తిప్పితే వస్తాయి, గీతల గాడుల్లో కూర్చునేవి రోంత తిప్పి లాగితే వస్తాయి, మూడోది అంచు మడిచి నొక్కేసింది. కష్టమంతా ఈ మూడోదానితోనే, మనకి ఎక్కువగా తగిలేదీ ఇదే.

మొదట రిమ్ము సందులో మురికి తీయండి. మన బళ్లకి అక్కడ దొరికేది మట్టి కాదు, గంధం! ఏటా ఆయుధ పూజకి, ఇంకా అలిపిరి దగ్గర బండి పూజ చేయించిన ప్రతిసారీ మీటర్ మీద బొట్టు పెట్టి పెట్టి అది సందులో గట్టిపడి సిమెంటు మాదిరి ఉంటుంది. పళ్లు కుట్టుకునే పుల్ల నీళ్లలో తడిపి తీయండి, ఇనప మొన పెట్టద్దు.

మీటర్‌ని బోర్లా మెత్తటి గుడ్డ మీద పెట్టి, వెనక మడత కింద స్క్రూడ్రైవర్ మొన దూర్చి ఒక్క మిల్లీమీటరు పైకి లేపండి. పక్కకి అర అంగుళం జరగండి, మళ్లీ ఒక్క మిల్లీమీటరు. ఇట్లా చుట్టూ తిరిగి వచ్చి, రెండో చుట్టు, మూడో చుట్టు, నాలుగైదు చుట్లకి గానీ పూర్తిగా లేవకూడదు. ఒకేచోట ఒకేసారి లేపినారో అక్కడే చీలుతుంది. నా మొదటి మీటర్ అట్లానే చీల్చినా, అదీ మా మామ బుల్లెట్‌ది, ఇప్పటికీ పండక్కి పోతే ఎత్తి చూపిస్తాడు.

అంతా లేపాల్సిన పని కూడా లేదు, సగం చుట్టు బాగా లేస్తే మిగతాది పక్కకి జరిపి లాగేయొచ్చు. మడత ఎంత తక్కువ కదిలితే తిరిగి మూసేటప్పుడు అంత బతుకుతుంది.

చెక్‌లిస్ట్, లోపలికి పోకముందు:
- గ్లాసు, రబ్బరు వాషరు, లోపలి రింగు ఏ వరసలో ఉన్నాయో ఫోటో తీసినారా
- వెనక కేసుని పట్టి ఉంచే రెండు స్క్రూలు ఏవో చూసినారా
- చేతులకి ఆయిలు లేదు కదా

7. ముల్లు తీయడం, దీని ముందు ఊపిరి బిగబట్టండి

ఈ భాగం రెండు సార్లు చదవండి. లోపల ఏం జరుగుతుందో తెలిస్తే ఎందుకు చెప్తున్నానో అర్థమవుతుంది. కేబుల్ ఒక మాగ్నెట్‌ని తిప్పుతుంది. దాని చుట్టూ తగలకుండా ఒక అల్యూమినియం గిన్నె ఉంటుంది. మాగ్నెట్ తిరిగితే గిన్నెలో కరెంటు సుళ్లు పుట్టి గిన్నె కూడా దాని వెంట పోవాలని చూస్తుంది, తల వెంట్రుకంత స్ప్రింగు దాన్ని వెనక్కి లాగుతుంది. రెండూ సరిసమానమైన చోట ముల్లు నిలబడుతుంది. అంతే మీటర్ అంటే. కాబట్టి ముల్లుని వేలితో తోసినా తిప్పినా మీరు తిప్పేది ఆ వెంట్రుక స్ప్రింగునే.

వరస ఇది. మొదట సున్నా దగ్గర చిన్న పిన్ను ఉంటుంది చూడండి, ముల్లు దానికి ఆనుకుని ఆగుతుంది. ముల్లుని ట్వీజర్‌తో నిమ్మళంగా రోంత పైకెత్తి పిన్ను దాటించి వదలండి. అది సున్నా కంటే కిందకి పోయి యాడో ఒకచోట నిలబడుతుంది. స్ప్రింగుకి ఏ బరువూ లేని అసలు చోటు అదే. డయల్ అంచున పేపర్ టేపు వేసి అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టండి, ఫోటో తీయండి. తిరిగి ముల్లు పెట్టేటప్పుడు పిన్ను దగ్గర కాదు, ఈ గీత దగ్గర పెట్టాల, ఆ తర్వాత ఎత్తి పిన్ను దాటించాల. ఈ గీత పెట్టుకోక పిన్ను దగ్గరే ముల్లు పెట్టినవాళ్ల మీటర్లే బాగు చేసినాక పదీ పదిహేను ఎక్కువ చూపిస్తాయి.

ఇప్పుడు డయల్ మీద సన్న అట్టముక్క మధ్యలో చీల్చి ముల్లు కిందికి దూర్చండి, రెండు స్పూన్ల అంచులు ముల్లు బొడ్డు కింద అటొకటి ఇటొకటి పెట్టి రెండూ ఒకేసారి కిందికి నొక్కండి. టప్పుమని పైకి వస్తుంది. రాకపోతే తిప్పి లాగద్దు. ఊళ్లో వాచీ రిపేర్ చేసే పెద్దాయన దగ్గరికి తీసుకుపోండి, వాళ్ల దగ్గర ముల్లు లాగే చిన్న టూల్ ఉంటుంది, రెండు నిమిషాల పని.

కీచుమనే సౌండ్ మాత్రమే మీ జబ్బయితే ఇవేమీ వద్దు. మీటర్‌ని బోర్లా పట్టుకుని కేబుల్ ఎక్కే నోటి దగ్గర స్పిండిల్ చుట్టూ గుండుసూదితో ఒక్క చుక్క కుట్టు మిషను ఆయిలు, పది నిమిషాలు అట్లానే ఉంచి ఎక్కువైంది తుడిచేయండి. డబ్ల్యూడీ-40 కొట్టద్దు, దేవుడి మీద ఒట్టు, అది లోపలంతా చిమ్మి డయల్ వెనకనుంచి మరకలు పడతాయి.

8. డయల్: కడగాలా, కొత్తది వేయాలా

నా లెక్క అయితే, అంకెలు చదవగలిగితే పాత డయలే ఉంచండి. రోంత పసుపెక్కిన అసలు డయల్ ముందు తెల్లగా మెరిసే స్టిక్కర్ డయల్ నాటకం వేషం మాదిరి ఉంటుంది. కొందరికి కొత్తగా కనపడాలనే ఉంటుంది, అది వాళ్ల ఇష్టం.

కడగడం ఎట్లా అంటే, ముందు బ్రష్‌తో దుమ్ము దులపండి, ఊదే బుడ్డతో ఊదండి, నోటితో ఊదితే ఎంగిలి తుంపర పడుతుంది. తర్వాత కాటన్ బడ్‌ని డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి పిండేసి, రిమ్ము కింద దాగే అంచున ఒక మూల రుద్ది చూడండి. బడ్‌కి నల్ల రంగు అంటితే అంతటితో ఆపేయండి, ఆ డయల్‌కి పొడి బ్రష్ తప్ప ఇంకేమీ తగలకూడదు. రంగు అంటకపోతే చిన్న చిన్న ముక్కలుగా కొత్త బడ్, కొత్త బడ్ మారుస్తా తుడవండి.

పెట్రోల్, థిన్నర్, స్పిరిటు, కొలిన్, ఏదీ వద్దు. 40 అంకెలో 4 పోయి ఉత్త సున్నా మిగిలిన డయల్ ఒకటి నా డబ్బాలో ఇంకా ఉంది.

అంకెలు నిజంగానే పోయి ఉంటే కొత్త డయల్ చేయించుకోవచ్చు. పాతది ఫోటో తీయద్దు, ఫ్లాట్ స్కానర్ మీద 600 డీపీఐలో స్కాన్ చేయండి, ఫోటోలో అంచులు వంపు తిరుగుతాయి. డిజైన్ చేసే పిల్లోడికి ఇచ్చి గీతలు కొత్తగా గీయించండి, డయల్ మీద ఉండే చిన్న నంబర్లతో సహా, వాటి అవసరం 10లో ఉంది. మామూలు కాగితం మీద ప్రింటు తీసి కత్తిరించి పాతదాని మీద పెట్టి చూసి, రంధ్రాలు కుదిరినాకే సన్న వినైల్ మీద తీయించండి. మందం ఎక్కువైతే ముల్లు బొడ్డు దానికి రాసుకుంటుంది. మ్యాట్ ల్యామినేషన్ చేయించండి, నిగనిగలాడే గ్లాసీ రకం అయితే ఎండలో ఏమీ కనపడదు.

ముల్లు రంగు మన ఎండకి వెలిసిపోయి ఉంటుంది. మోడల్ పెయింటుతో ఒక పల్చటి తెలుపు, దాని మీద ఒక పల్చటి ఎరుపో నారింజో. రెండు పూతలే. మందంగా వేస్తే ముల్లు బరువు మారిపోయి, తూకం తప్పి, బండి గుంతలో పడినప్పుడల్లా ఊగుతుంది.

9. లోపలి మిషను, అంకెల చక్రాలు

డయల్ కింద రెండు చిన్న స్క్రూలు తీస్తే మిషను కనిపిస్తుంది. హెయిర్ స్ప్రింగుని చూడండి, అంటుకోవద్దు. చుట్లు ఒకదానికొకటి తగలకుండా సమానంగా ఉంటే అది బాగున్నట్టే. గ్రీజు అంటి చుట్లు అతుక్కుని ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒక చుక్క సన్న బ్రష్‌తో తాకించి ఆరనివ్వండి, అంతకు మించి వద్దు. డయల్ పక్కన లేకుండా చేయండి ఈ పని.

మాగ్నెట్‌కీ గిన్నెకీ మధ్య ఇనప పొడి ఉంటే, పేపర్ టేపుని సన్నగా చుట్టి జిగురు వైపు తాకించి తాకించి లాగండి. మాగ్నెట్‌ని బయటికి ఊడబీకద్దు, ఇనప టూల్స్ దానికి అంటించి ఆడుకోవద్దు, పాత మాగ్నెట్లు బలం తగ్గిపోతాయి, అప్పుడు మీటర్ అన్ని స్పీడుల్లోనూ తక్కువే చూపిస్తుంది, దాన్ని మళ్లీ మాగ్నెట్ పట్టించడం ఇంట్లో అయ్యే పని కాదు.

ఆయిలు వేయాల్సినవి: స్పిండిల్ బుష్షు, చిన్న గేర్ల ఇరుసులు. గుండుసూది మొనకి అంటినంత. ఆయిలు తగలకూడనివి: హెయిర్ స్ప్రింగు, గిన్నె, మాగ్నెట్, అంకెల చక్రాలు, డయల్.

అంకెల చక్రాలు బిగుసుకుంటే వేలితో బలవంతంగా తిప్పద్దు, మధ్యలో ఉండే చిన్న ప్లాస్టిక్ పళ్లు విరుగుతాయి. తడి బడ్‌తో తుడిచి, కేబుల్ వైపు నుంచి తిప్పి చూడండి. రీడింగు సున్నా చేయమని కొందరు అడుగుతారు, నేను చేయను. బండి తర్వాత అమ్మేటప్పుడు అది మోసం కిందకే వస్తుంది. తప్పనిసరై వేరే మీటర్ వేయాల్సి వస్తే పాత రీడింగు కాగితం మీద రాసి బండి కాగితాలతో పెట్టండి.

గేరు పళ్లు పోయి ఉంటే దానికోసం ఇంకో చచ్చిన మీటర్ కావాల. ఇక్కడ దొరక్కపోతే పొద్దున్నే రైలెక్కి చెన్నై పోయి జీపీ రోడ్డు, పుదుపేట అంగళ్లలో వెతకండి. పాత మీటర్ చేత్తో పట్టుకుపోండి, నోటితో చెప్తే ఏదో ఒకటి అంటగడతారు.

10. మూయకముందు డ్రిల్‌తో టెస్ట్

డయల్ మీద కింద 1000 అనో 1600 అనో చిన్న అంకె ఉందేమో చూడండి. స్మిత్స్ రకం మీటర్లలో 1000 అంటే కిలోమీటరుకి కేబుల్ 1000 చుట్లు, 1600 అంటే మైలుకి 1600 చుట్లు. రెండూ దాదాపు ఒకటే, మీటరు దూరానికి ఒక చుట్టు. దీన్ని బట్టి లెక్క చాలా తేలిక, 1000 అంకె ఉన్న మీటర్ (ఇకమీద 1000 మీటర్ అంటా) అయితే నిమిషానికి 1000 చుట్లు తిప్పితే ముల్లు 60 కిలోమీటర్లు చూపించాల, 500 తిప్పితే 30. జపాన్ తరహా మీటర్లలో 60 కి 1400 చుట్లు ఉండటం మామూలు, అందుకే ఒక బండి మీటర్ ఇంకో బండికి వేస్తే తప్పు చూపిస్తుంది.

అంకె లేకపోతే? కేబుల్ తీగని చేత్తో తిప్పుతా చుట్లు లెక్కపెట్టండి, ఎన్ని చుట్లకి కిలోమీటరులో పదో వంతు అంకె ఒకటి జరిగిందో చూడండి. 100 చుట్లకి జరిగితే అది 1000 మీటర్.

టెస్ట్ ఇట్లా:
- గీత దగ్గర ముల్లు పెట్టి మెత్తగా అదమండి, పూర్తిగా నొక్కద్దు, పిన్ను దాటించండి
- మీటర్‌ని నిలువుగా కట్టి పెట్టండి, బండి మీద ఎట్లా ఉంటుందో అట్లానే
- తీగ కొన డ్రిల్‌కి బిగించండి, చక్రం ముందుకి పోతే తీగ ఎటు తిరుగుతుందో ముందే చూసుకుని అటే తిప్పండి
- తక్కువ స్పీడులో మొదలు, ఒకేసారి ట్రిగ్గర్ నొక్కేస్తే ముల్లు చివరికి పోయి కొట్టుకుంటుంది

అన్ని చోట్లా ఒకే అంత తేడా ఉంటే, అంటే 30 దగ్గర 5 ఎక్కువ, 60 దగ్గర కూడా 5 ఎక్కువ, అది ముల్లు తప్పుచోట పెట్టినందుకు, తీసి మళ్లీ పెట్టండి. స్పీడు పెరిగే కొద్దీ తేడా కూడా పెరుగుతా పోతే జబ్బు మాగ్నెట్‌లోనో స్ప్రింగులోనో ఉంది. గీత పెట్టుకోవడం మర్చిపోయినారా, అయితే డ్రిల్‌ని సరిగ్గా 60 కి తగ్గ చుట్ల దగ్గర నిలకడగా పట్టి ఇంకొకరి చేత ముల్లుని 60 మీద పెట్టించండి. పాత టీవీ యాంటెనా తిప్పిన అనుభవం ఉన్నోళ్లయితే ఇంకా మంచిది, "ఇంకా... ఇంకా... ఆఁ చాలు".

11. గ్లాసు, రబ్బరు, మూత

గీతలు పడిన చదును గ్లాసుకి గోవిందరాజస్వామి గుడి చుట్టూ దేవుడి పటాలు కట్టే అంగళ్లే దిక్కు. ఫ్రేములకి వాడే 2 మిల్లీమీటర్ల గ్లాసు గుండ్రంగా కోసిస్తారు, పాత గ్లాసు ఇచ్చి దానికంటే వెంట్రుకంత చిన్నగా కోయమనండి. ఉబ్బు గ్లాసు అయితే ప్లాస్టిక్‌ది కొనాల్సిందే.

కేసు లోపల తుప్పు ఉంటే గీకి తెల్ల పెయింటు వేయండి, రాత్రి బల్బు వెలుగు దాని మీద పడే డయల్‌కి వస్తుంది. వేసినాక తొందరపడద్దు, నాలుగు రోజులు ఎండలో పెట్టండి, పచ్చి పెయింటు వాసన లోపలే ఉండిపోతే గ్లాసుకి మబ్బు పడుతుంది. బల్బు కూడా అసలు ఎంత వాట్లదో అంతే, ఎక్కువ వాట్లది వేస్తే డయల్ కాలి గోధుమరంగు మచ్చ వస్తుంది.

రబ్బరు వాషరు దొరక్కపోతే పాత సైకిల్ ట్యూబు కోసి చేసుకోవచ్చు, ఇదే నేను వాడేది. గ్లాసు అంటించడానికి సూపర్ గ్లూ రకం బంకలు వద్దు, ఆవిరి వచ్చి గ్లాసు లోపల తెల్లగా బూజు మాదిరి పడుతుంది. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ కూడా వద్దు, ఆ పులుపు లోపలి ఇనుముకి తుప్పు పట్టిస్తుంది. న్యూట్రల్ అని రాసి ఉన్నదే కొనండి, అదీ పల్చగా. కేసు కింద చిన్న గాలి రంధ్రం ఉంటే మూయద్దు.

రిమ్ము మూసేటప్పుడు ప్లయర్ నోటికి తోలు ముక్క చుట్టండి. గడియారంలో 12 దగ్గర రోంత, 6 దగ్గర రోంత, తర్వాత 3, 9, ఆ మధ్యవి. విప్పినట్టే చుట్లు చుట్లుగా మూయాల. ఒక పక్కనుంచి మొదలుపెట్టి మూసుకుంటా వస్తే చివర్లో ముడత మిగిలిపోతుంది, లేకుంటే గ్లాసు పగులుతుంది.

12. యాంప్ మీటర్

బుల్లెట్‌లో చిన్నగా పక్కన ఉండేది. ఇది పోతే ముల్లు కదలకపోవడం ఒక్కటే కాదు, బండి కరెంటు దాదాపు అంతా దీని గుండానే పోతుంది కాబట్టి వెనక నట్టు వదులైతే దారి మధ్యలో మొత్తం ఆరిపోతుంది. 2021 నవంబర్‌లో ఊళ్లోకి నీళ్లొచ్చినప్పుడు మునిగిన బండి ఒకటి చేసినా, కాయిలు, పాయింట్లు అన్నీ మార్చినాక తెలిసింది, జబ్బల్లా యాంప్ మీటర్ వెనక పచ్చగా పట్టిన చిలుమేనని.

విప్పకముందు వెనక రెండు నట్లు తీసి, వైరు కొనలు ఎమరీ పేపరుతో మెరిసేదాకా రుద్ది గట్టిగా బిగించి చూడండి. చాలాసార్లు ఇంతే. నట్టు బిగించేటప్పుడు బోల్టు లోపల తిరగకుండా పట్టుకోండి, తిరిగితే లోపలి అతుకు ఊడుతుంది.

బయట టెస్ట్ చేయాలంటే బ్యాటరీ, యాంప్ మీటర్, హెడ్‌లైట్ బల్బు వరసగా కలపండి. 12 వోల్టుల 60 వాట్ల బల్బు అయితే 5 ఆంపియర్లు, 6 వోల్టుల 30 వాట్లదైనా 5 చూపించాల. బల్బు లేకుండా నేరుగా బ్యాటరీకి కలపద్దు, క్షణంలో కాలిపోతుంది. బండి మీద ఇంజన్ ఆపి లైటు వేస్తే ముల్లు మైనస్ వైపు పోవాల, ప్లస్ వైపు పోతే రెండు వైర్లు అటుదిటు మార్చండి. ఐడిలింగ్‌లో ముల్లు వణుకుతుంది, అది జబ్బు కాదు.

13. రోడ్డు మీద చూసుకోవడం

మొదట ఇంటి ముందే. నేల మీద 10 మీటర్లు కొలిచి గీతలు పెట్టి, కేబుల్ పైకొనకి టేపు జెండా అంటించి బండి తోయండి. 1000 మీటర్ అయితే జెండా 10 చుట్లు తిరగాల. 8 తిరిగినా 12 తిరిగినా ముందు చక్రం సైజో గేరో మారింది, మీటర్‌ని తిట్టద్దు.

తర్వాత తెల్లారి ఆరు లోపల చంద్రగిరి దాటి చిత్తూరు రోడ్డు పట్టండి, వెనక ఒకరిని కూర్చోబెట్టి ఫోన్‌లో జీపీఎస్ స్పీడు చదవమనండి, మీరు మీటర్ చూడండి. ఇద్దరి పనీ ఒకడే చేయద్దు. 40 దగ్గర, 60 దగ్గర ఒక్కో నిమిషం నిలకడగా పోవాల. మీటర్ రెండు మూడు కిలోమీటర్లు ఎక్కువ చూపిస్తే వదిలేయండి, తక్కువ చూపిస్తే మాత్రం మళ్లీ తెరవాల్సిందే. కిలోమీటర్ల రాళ్లు పది లెక్కపెట్టి అంకెలు కూడా సరిచూసుకోండి. కొండ ఘాట్ రోడ్డు మీద ఈ ప్రయోగాలు వద్దు, అక్కడ వంపులు చూస్తారా మీటర్ చూస్తారా.

ఒక నెల తోలినాక కేబుల్‌ని మీటర్ దగ్గర విప్పి పైకొన వేలితో తుడిచి చూడండి. వేలికి గ్రీజు అంటిందంటే ఎక్కువ పెట్టినారని అర్థం, తీగ లాగి పైన జానెడు కిరోసిన్‌తో తుడిచి ఆరబెట్టి మళ్లీ వేసేయండి.